చెయ్యి చాచిన దీపం

మనిషి తాను చేయబోయే పనిని పక్కవాడికి ముందుగా చెప్పడం మర్యాద. ఇంట్లో అయితే అది మర్యాద. రోడ్డు మీద అయితే ప్రాణం. పెళ్ళికి ముందు శుభలేఖలు వేస్తాం. చుట్టాల ఇంటికి వెళ్ళేముందు పూర్వం కార్డుముక్క రాసేవాళ్ళం, ఇప్పుడు ఫోను చేస్తున్నాం. కాని బండి తిప్పేముందు వెనక వచ్చేవాడికి చెప్పాలంటే మాత్రం మనలో చాలామందికి ఎక్కడలేని బద్ధకం వస్తుంది. చెప్పినవాళ్ళైనా, చెప్పింది అవతలివాడికి అర్థమైందా లేదా అని ఆలోచించరు. నేను చెప్పేశాను, నా బాధ్యత తీరిపోయింది అనుకుంటారు. బళ్ళో ముప్ఫైయేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి గనక ఆ రెంటికీ వున్న తేడా నాకు బాగా తెలుసు. పంతులు చెప్పడం వేరు, పిల్లవాడికి తెలియడం వేరు.

ఈ సంగతి ఇంత పెద్ద ఎత్తున ఎందుకు మొదలుపెట్టానంటే, మొన్న చలికాలమంతా మా ఇంట్లో జరిగిన చర్చ ఒక్కటే: మా నాన్నగారి అంబాసిడర్ కారుకు వరసగా వెలిగే మలుపు దీపాలు పెట్టించాలా, వద్దా? అంటే, మలుపు తిరిగేటప్పుడు ఒకే బల్బు ఆరుతూ వెలుగుతూ వుండకుండా, లోపలినుంచి బయటి అంచుకు ఒకదాని తర్వాత ఒకటిగా పరుగెత్తే దీపాలన్నమాట. కొత్త కార్ల వెనక మీరు చూసే వుంటారు. వినడానికి ఇది చిన్న విషయం. కాని ఒక ఇంట్లో నాలుగు తరాలవాళ్ళు కలిసి వుంటే చిన్న విషయమంటూ ఏదీ వుండదు.

మాది గొలుగొండ. నర్సీపట్నం పక్కన. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లా, ఆ తర్వాత అనకాపల్లి జిల్లా. మా మండలంలోనే కృష్ణదేవిపేట వుంది. అల్లూరి సీతారామరాజు సమాధి అక్కడే. 1922 ఆగస్టులో ఆయన దళం వరసగా మూడు రోజుల్లో మూడు పోలీసు ఠాణాల మీద పడింది. చింతపల్లి తర్వాత రెండోది కృష్ణదేవిపేటే. ఆ తిరుగుబాటుకు వున్న కారణాల్లో ఒకటి రోడ్డు. మన్యంలో దారి వేయడానికి కొండవాళ్ళచేత చాలీచాలని కూలికి వెట్టిచాకిరీ చేయించారు. ఈనాడు మనం లంబసింగి మంచు చూడటానికి కార్లలో హాయిగా ఎక్కిపోయే కొండదారులకు అంత చరిత్ర వుంది. ఆ దారుల మీద ఇంకొకడి ఒళ్ళు నొవ్వకుండా నడుచుకోవాలని మా నాన్నగారు అంటూండేవారు.

కారు 1964 నాటిది, మార్క్ టూ. మా నాన్నగారు 1972లో పాతదే కొన్నారు. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు వుండేది. దాని మూడో తరహాను తీసుకుని హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా దగ్గర ఉత్తరపారాలో అంబాసిడరుగా తయారుచేశారు. 1958 ప్రాంతంలో మొదలైన ఆ కారు పేర్లూ, ముక్కూ మార్చుకుంటూ 2014 మే దాకా వచ్చింది. మా దానికి 1489 సీసీ పెట్రోలు ఇంజను, స్టీరింగు పక్కన గేరు కడ్డీ, ముందు బెంచీలాంటి ఒకే సీటు. బెల్లం వ్యాపారం మీద అనకాపల్లి వెళ్ళినా, పెళ్ళివారిని తీసుకొచ్చినా, నడిరాత్రి పురుడుకు నర్సీపట్నం ఆస్పత్రికి పరుగెత్తినా అదే బండి. ఊళ్ళో యాభయ్యేళ్ళు దాటినవాళ్ళలో దాంట్లో ఒక్కసారైనా ఎక్కనివాళ్ళు తక్కువ. అందుకే దాన్ని మేం అమ్మలేదు, గుడ్డ కప్పి మూలన పెట్టనూ లేదు. వారానికి రెండుసార్లు నర్సీపట్నం తీసుకువెడతాను.

కారుకు మలుపు దీపాలు వున్నా మా నాన్నగారికి వాటిమీద నమ్మకం వుండేది కాదు. కుడిచెయ్యి కిటికీలోంచి బయటపెట్టి చెప్పేవారు. కుడివైపు తిరగాలంటే అరచెయ్యి ముందుకు వుండేలా చెయ్యి తిన్నగా చాచేవారు. ఎడమకైతే చాచిన చేతిని గడియారపు ముల్లుకు ఎదురుగా గుండ్రంగా తిప్పేవారు. నెమ్మది చేస్తుంటే అరచెయ్యి నేలవైపు పెట్టి కిందికీ పైకీ ఆడించేవారు. ఆగాలంటే మోచేతినుంచి చెయ్యి నిలువుగా ఎత్తేవారు. డ్రైవింగు లైసెన్సుకు వెళ్ళినప్పుడు మా తరంవాళ్ళందరం ఇవి వల్లించాం. ఆయన వల్లించడంతో ఆపలేదు, అరవయ్యో ఏటిదాకా ఆచరించారు. వానలో చొక్కాచెయ్యి తడిసి ముద్దయినా సరే.

“మీ నాన్నగారి రెండు చేతులూ పక్కపక్కన పెడితే ఇద్దరు మనుషులవి అనుకునేవారురా,” అంటుంది మా అమ్మ. “కుడిది కాకినలుపు, ఎడమది చామనఛాయ. ఎండంతా ఆ కుడిచేతికే.”

అమ్మకిప్పుడు ఎనభయ్యారేళ్ళు. ఆ కారుమీద సర్వాధికారాలూ ఆవిడవే.

ఇక గత డిసెంబరు సంగతి. సాయంత్రం నాలుగున్నర దాటింది. నేను తూర్పుముఖంగా వస్తున్నాను. చలికాలపు సూర్యుడు వెనకనుంచి ఏటవాలుగా పడుతున్నాడు. మా ఇంటి సందు కుడివైపు. బాగా ముందుగానే దీపం వేశాను, వేగం తగ్గించాను, అద్దంలో చూశాను, ఎవరూ దగ్గరలో లేరు. బండి సగం తిరిగేసరికి వెనకనుంచి మోటారుసైకిలు మీద పాలక్యానులతో వస్తున్న కుర్రవాడు కుడిపక్కనుంచి దాటబోయి వెనక మడ్‌గార్డుకు తగిలి పడిపోయాడు. పాలు రోడ్డుపాలైనాయి. అబ్బాయి మణికట్టు ఎముక విరిగింది. దేవుడి దయవల్ల తలకు దెబ్బ తగల్లేదు.

నేనూ, మా ఆవిడా ఆస్పత్రికి తీసుకువెళ్ళాం. కట్టు కట్టేటప్పుడు ఆ అబ్బాయి ఎవర్నీ నిందించలేదు. “మాస్టారూ, ఏదో మినుకుమందండి. ఎండ మెరుపో, దీపమో తెలీలేదు. దీపమే అనుకున్నా ఎటు తిరగతారో తెలీలేదండి. ఎడంపక్క సందులోకేమో అనుకుని కుడినుంచి దాటబోయానండి,” అన్నాడు.

ఈ మాటే నన్ను నిద్రపోనివ్వలేదు. దీపం వెలిగిన మాట నిజం. అతనికి తెలియని మాటా నిజమే.

సెలవులకు వచ్చిన మా మనవరాలు ఈ సంగతి విని వెంటనే తేల్చేసింది. దాని చదువు ఎలక్ట్రానిక్సు. “తాతయ్యా, ఆ అబ్బాయి చెప్పింది నూటికి నూరుపాళ్ళూ సరైనది. ఒక్క దీపం ఆరి వెలిగితే ‘ఏదో చేయబోతున్నాను’ అని మాత్రమే తెలుస్తుంది. ఎటువైపు అన్నది తెలియాలంటే ఆ దీపం కారులో కుడిమూలన వుందో, ఎడమమూలన వుందో కనిపించాలి. ఎండ కంట్లో కొట్టినా, మంచు కమ్మినా కారు ఆకారమే కనిపించదు. దీపం ఒక్కటే గాలిలో వేలాడుతుంది. అప్పుడది కుడిదో ఎడమదో ఎవరు చెప్పగలరు? అదే దీపం కదిలితే? లోపలినుంచి కుడికి పరుగెత్తితే, కారు కనిపించకపోయినా కుడి అని తెలిసిపోతుంది.”

నేను దాని మొహంవైపు చూస్తూండిపోయాను. నా కళ్ళకు మా నాన్నగారి చెయ్యి కనిపించింది. చెయ్యి చాచడమంటే అదే కదా! చేతికి మొదలూ చివరా వున్నాయి. మొదలు కారులో వుంటుంది, చివర వెళ్ళబోయే వైపు చూపిస్తుంది. ఆరి వెలిగే బల్బుకు మొదలూ లేదు, చివరా లేదు.

ఆ తర్వాత మనవరాలు చెప్పగా, నేను వెతికి చదువుకోగా తెలిసిందేమిటంటే, మలుపు చెప్పడమనే కళ మొదట చేతిని అనుకరిస్తూనే బయలుదేరింది. పాత ఇంగ్లీషు కార్లలో తలుపుల మధ్య కంబంలోంచి ఒక చిన్న రెక్క రైలు సిగ్నలులాగా బయటికి లేచేది. దాంట్లో దీపం వుండేది. మోరిస్ మైనరు కార్లకు 1961 దాకా ఆ రెక్కలే వుండేవి. ఎటు లేచిందో చూస్తే చాలు, ఎటు తిరుగుతాడో తెలిసేది. కాని రెక్క దుమ్ముపట్టి బిగుసుకుపోయేది. ఇంకోవంక, అమెరికాలో బ్యూయిక్ కంపెనీ 1939లోనే ఆరి వెలిగే దీపాలు పెట్టింది. అవి చౌక, విరగవు, మైలు దూరంనుంచి కనిపిస్తాయి. ప్రపంచమంతా వాటికే మళ్ళింది. ఆ మళ్ళడంలో చేతికి వున్న ఒక గుణం, అంటే దిక్కు చూపే గుణం, జారిపోయింది.

దాన్ని తిరిగి తెచ్చినవారు ఫోర్డువారు. 1965లో థండర్‌బర్డ్ అనే కారుకు వెనక ఒక్కొక్క వైపు మూడేసి బల్బులు పెట్టి అవి వరసగా వెలిగే ఏర్పాటు చేశారు. అంతకు ముందు సంవత్సరమే పెట్టాలనుకున్నారు గాని, కొన్ని రాష్ట్రాల దీపాల చట్టాలు ఒప్పుకోక ఏడాది ఆగవలసి వచ్చింది. ఆ బల్బుల్ని వెలిగించే యంత్రాంగం తమాషాగా వుండేది. చిన్న విద్యుత్ మోటారు ఒక ఇరుసును తిప్పుతుంది; ఇరుసుమీది మిట్టలు ఒక్కొక్క స్విచ్చినీ వరసగా నొక్కుతాయి. 1967లో మెర్క్యురీ కూగర్ అనే కారుకూ అదే పెట్టారు. తరువాత ట్రాన్సిస్టర్లు వచ్చి మోటారు పోయింది. 2012 తర్వాత జర్మనీ ఆడి కార్లతో ఈ పరుగెత్తే దీపాలు మళ్ళీ ప్రచారంలోకి వచ్చాయి.

ఇదంతా ఇంట్లో సభ పెట్టి చెప్పాను. మా ఆవిడ ముందుగా లేచింది. “ముసలి కారుకు సినిమా దీపాలేమిటండీ? పెళ్ళిపందిరి అనుకుంటారు,” అంది. అబ్బాయి హైదరాబాదునుంచి ఫోనులో, “నాన్నా, ఒరిజినల్‌గా వుంటేనే దానికి విలువ. చిల్లులు పెట్టించకండి,” అన్నాడు.

వాడి మాటలో న్యాయం లేకపోలేదు. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు బళ్ళకోసం ప్రత్యేకమైన నిబంధనలు తెచ్చింది. యాభయ్యేళ్ళు దాటి, ఇంజనూ, బాడీ అసలు రూపంలోనే వున్న బండిని వింటేజి బండిగా రిజిస్టరు చేయించుకోవచ్చు. కొత్తగా రిజిస్టరు చేయడానికి ఇరవైవేలు రుసుము, నంబరులో ‘వీఏ’ అనే అక్షరాలు వస్తాయి. అయితే దాన్ని ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, అటువంటి పనులకే తప్ప రోజువారీగా తిప్పకూడదు. అబ్బాయి కోరిక ఎప్పటికైనా అలా చేయించాలని.

“ఇక్కణ్ణుంచి నర్సీపట్నం సంతకు వెళ్ళడానికి లేకపోతే ఇంకెందుకురా కారు? దేవుడి గదిలో పెట్టి పసుపూ కుంకుమా పెట్టుకోవడానికా?” అంది అమ్మ.

అమ్మ దీపాలవైపు మాట్లాడుతోందనుకుని మనవరాలు సంతోషించింది. మరుక్షణమే అమ్మ దానివైపు తిరిగి, “నువ్వు గంతులెయ్యకు. మీ ముత్తాతగారి బండికి మేకంత చిల్లు పడినా నేను ఒప్పుకోను,” అంది.

అంటే షరతులు స్పష్టంగానే వున్నాయి. బండి తిరగాలి. వెనకవాడికి దిక్కు తెలియాలి. చిల్లు పడకూడదు. కావలసినప్పుడు అంతా విప్పి పూర్వరూపంలో పెట్టగలగాలి. పరీక్షపేపరు ఇలా ఇస్తే పిల్లలు ధర్నా చేస్తారు. మా మనవరాలు మాత్రం కాగితం, పెన్సిలు తీసుకుంది.

ముందుగా నర్సీపట్నంలో మాకు నలభయ్యేళ్ళుగా తెలిసిన కరెంటు మేస్త్రి దగ్గరికి వెళ్ళాం. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, “మాస్టారూ, ఇంతేటండి, పాత బల్బులు పీకేసి ఎల్.ఇ.డి. బల్బులు ఎట్టేద్దారి. పరుగెత్తేవి కూడా దొరకతన్నాయండి,” అని రెండు బల్బులు తెచ్చి బిగించాడు. స్విచ్చి వేస్తే ఒక్కటీ వెలగలేదు.

మేస్త్రి బల్బు మార్చాడు, హోల్డరు గీకాడు. మనవరాలు బ్యాటరీ దగ్గరికి వెళ్ళి చూసి నవ్వింది. ఈనాటి కార్లలో బ్యాటరీ ఋణధ్రువం బాడీకి కలిపి వుంటుంది. ఆ కాలపు ఇంగ్లీషు పద్ధతిలో ధనధ్రువం బాడీకి కలిపేవారు. మా కారుకు ఇప్పటికీ అలాగే వుంది. మామూలు బల్బులో వున్నది తీగ. కరెంటు అటునుంచి వచ్చినా ఇటునుంచి వచ్చినా ఎర్రగా కాలి వెలుగుతుంది. ఎల్.ఇ.డి. అలా కాదు, ఒకే వైపునుంచి కరెంటును రానిస్తుంది. అది ఒంటిదారి వంతెన వంటిది.

వైర్లు తిరగేసి కలిపి చూశారు. ఈసారి వెలిగాయి. వెలిగి అలాగే వుండిపోయాయి. ఆరవు.

దీనికీ కారణం వుంది. మా కారులో దీపాల్ని ఆర్పి వెలిగించేది అరచేతిలో పట్టే చిన్న రేకుడబ్బా. దాంట్లో సన్నని తీగ వుంటుంది. బల్బులకు వెళ్ళే కరెంటు దానిగుండా పోయి అది వేడెక్కి సాగుతుంది, చల్లారి ముడుచుకుంటుంది. ఆ సాగడం ముడుచుకోవడంతోనే దీపం ఆరుతూ వెలుగుతూ, ‘టిక్కు టిక్కు’ మంటుంది. ముందొకటి, వెనకొకటి, ఒక్కొక్కటి 21 వాట్ల బల్బులు. రెండూ కలిసి పన్నెండు వోల్టుల మీద మూడున్నర ఆంపియర్లు లాగుతాయి. ఎల్.ఇ.డి. బల్బులు దానిలో పదోవంతైనా లాగవు. ఇక తీగ వేడెక్కేదెలా? పొయ్యిలో ఒక్క పుల్ల పెట్టి అన్నం పొంగలేదంటే అది ఎసరు తప్పా?

“పోనీ డబ్బా కూడా మార్చేద్దారండి,” అన్నాడు మేస్త్రి. ఆయన మాటలో సాంకేతికంగా ఏ లోపమూ లేదు. ఎలక్ట్రానిక్ డబ్బాలు దొరుకుతాయి. కాని మనవరాలు తల అడ్డంగా వూపింది. “వద్దు మామయ్యగారూ. పాత బల్బులు పాత చోటే వుండనివ్వండి, పాత డబ్బా కూడా. వాటిని ముట్టుకోవద్దు. కొత్త దీపాలు వాటి పక్కన విడిగా పెడదాం. పాత డబ్బా ‘టిక్కు’ మన్నప్పుడల్లా పాత బల్బుకు కరెంటు వెళుతుంది కదా, ఆ కరెంటులోనే చిటికెడు కొత్తవి తీసుకుంటాయి.”

మేస్త్రి కొంచెంసేపు ఆలోచించి, “కోడలు అత్తను ఎళ్ళగొట్టకుండా వంటింట్లో పక్కన కూకున్నట్టు,” అన్నాడు. మా ఆవిడ ఆ పూట అక్కడ లేకపోవడం మంచిదైంది.

ఇంకొక చిక్కు కూడా వుంది. అంబాసిడరు వెనక దీపం రెక్కమీద నిలువుగా, సన్నగా వుంటుంది. దాంట్లో మూడు బల్బులు ఒకదానిమీద ఒకటి పేరిస్తే వెలుగు కిందినుంచి పైకి ఎగబాకుతుంది. అది చూసి ఎవరైనా కారు ఆకాశానికి ఎగురుతుందనుకోవాలి గాని కుడికి తిరుగుతుందనుకోరు. ఈ దీపాల విషయంలో అంతర్జాతీయ నియమం కూడా అదే చెబుతుంది. వెలుగు కారు లోపలి వైపునుంచి బయటి అంచువైపుకు సమానమైన నడకతో సాగాలి. వెలిగినది వెలిగినట్టే వుండి, చివరికి అన్నీ కలిసి వెలిగి, కలిసి ఆరాలి. మొదటిది వెలిగిన 200 మిల్లీసెకన్లలోపల, అంటే సెకనులో అయిదోవంతులో, చివరిదీ వెలగాలి. మన దేశపు 1989 మోటారు వాహనాల నిబంధనలు మలుపు దీపం పసుపుపచ్చగా వుండాలనీ, నిమిషానికి అరవైకి తగ్గకుండా, నూటయిరవై మించకుండా ఆరి వెలగాలనీ చెబుతాయి.

అందుచేత దీపాలు అడ్డంగా వుండాలి. మనవరాలు వాటిని వెనక బంపరు పైన, నంబరు ప్లేటుకు చెరోవైపూ అమర్చింది. ఒక్కొక్క పట్టీలో మూడు గళ్ళు. బంపరును పట్టి వుంచే అసలు బోల్టులకే రెండు ఇనుప పట్టీలు తగిలించి వాటిమీద దీపాలు కూర్చారు. కారుకు ఒక్క చిల్లు లేదు. ధనధ్రువం బాడీకి వుంది గనక పట్టీ ఎరుపు వైరును బాడీకి, నలుపు వైరును పాత బల్బు వైరుకు కలిపారు. దీపాల లోహపుకవచం బాడీకి తగిలితే షార్టవుతుందని మధ్య రబ్బరు వాషర్లు వేశారు. ముందు జాగ్రత్తగా ఒక ఫ్యూజు కూడా పెట్టారు.

వరసగా వెలగడం ఎలా అని అమ్మ అడిగింది. మనవరాలు కెపాసిటరు, ట్రాన్సిస్టరు అంటూ ప్రారంభించింది. అమ్మ మొహం చూసి ఆపి, “తాతమ్మా, వరిమడులకు నీళ్ళు పెట్టడం నీకు తెలుసుగా? కాలువనుంచి మొదటి మడికి వదుల్తాం. అది నిండితే గట్టుమీది గండిలోంచి రెండోదానికి, అది నిండితే మూడోదానికి. మూడూ నిండాక ఒకేసారి మెరుస్తాయి. ఇవీ అంతే. కెపాసిటరు అంటే మడి. అది నిండడానికి పట్టే కాలమే ఆలస్యం. కాలువ మూసేస్తే అన్నీ ఒక్కసారే ఆరతాయి,” అంది.

“ఎంతసేపు పడుతుంది నిండడానికి?”

“ఒక్కొక్కటి సెకనులో పద్నాలుగోవంతు.”

“అంత తొందరగా నిండే మడి మనకుంటే ఎంత బావుణ్ణు,” అంది అమ్మ.

సంక్రాంతి ముందు ఒక తెల్లవారుజామున పరీక్ష పెట్టుకున్నాం. మంచు బాగా పట్టింది. మా సందు మొగలో కారు నిలిపి నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. అమ్మ శాలువా కప్పుకుని వెనకసీట్లో కూర్చుంది, రావద్దంటే వినలేదు. మనవరాలు గడియారం పట్టుకుని లెక్కపెట్టింది. నిమిషానికి ఎనభైరెండు. నిబంధనకు లోబడే వుంది. న్యాయనిర్ణేతగా మేం పిలుచుకున్నది ఆ పాల కుర్రవాణ్ణే. కట్టు విప్పి వారమైంది. తను అడుగులు లెక్కపెట్టుకుంటూ మంచులోకి నడిచిపోయాడు. యాభై అడుగులు, నూరు, నూటయాభై. మాకు అతను కనిపించడం లేదు. గొంతు మాత్రం వినిపిస్తోంది.

ముందు పట్టీల వైరు తీసేసి పాత దీపం ఒక్కటే వేశాను.

“ఏదో మినుకుమంటందండి! ఎటో తెలీట్లేదు!”

తరువాత పట్టీలకు కరెంటిచ్చి కుడి స్విచ్చి వేశాను.

ఒక్క క్షణం నిశ్శబ్దం. తరువాత, “కుడండీ!” అని కేక. ఎడమ వేశాను. “ఎడం!” నేను వరస మార్చి, తికమక పెట్టి, పదిసార్లు వేశాను. పదిసార్లూ సరిగ్గా చెప్పాడు. వెనక్కు నడిచి వచ్చి, చలికి చేతులు రుద్దుకుంటూ, “కారు కనపళ్ళేదు మాస్టారూ. మంచులోంచి ఎవరో సెయ్యి సాచినట్టు కనపడిందండి,” అన్నాడు.

ఆ మాట మేమెవ్వరం అతనికి నేర్పలేదు. మా నాన్నగారు పోయేనాటికి అతను పుట్టనే లేదు. వెనకసీటువైపు చూశాను. అమ్మ ఏమీ అనలేదు. శాలువా కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటోంది. మంచుకే అనుకుంటాను.

లెక్కలంటే ఇష్టపడేవాళ్ళకోసం ఖర్చు చెబుతాను. దీపాల పట్టీలు, చిల్లర సామాను, ఇనుప పట్టీలు, మేస్త్రి కూలి కలిపి రెండువేల నాలుగువందలయింది. ఆలస్యపు బోర్డు మనవరాలు తన చేత్తోనే అతికింది. దానికి కూలి రెండు పూటల పులిహోర. అబ్బాయి వచ్చినప్పుడు విప్పి చూపించాం. పది నిమిషాల్లో కారు 1964లోకి వెళ్ళిపోయింది. మరో పది నిమిషాల్లో తిరిగి వచ్చింది. వాడు బోల్టులన్నీ తడిమి చూసి, చిల్లుల్లేవని రూఢి చేసుకుని, “సరే,” అన్నాడు. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ పెళ్ళిపందిరి అంటూనే వుంది. కాని మొన్న నర్సీపట్నంనుంచి వస్తుంటే, సందు మొగ ఇంకా వుండగానే, “దీపం వేశారా?” అని తనే గుర్తుచేసింది.

ఇది విని ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు తమ బళ్ళకూ పెట్టించమని వచ్చారు. ఒకడికి నీలం దీపాలు కావాలట, ఇంకొకడికి ఎరుపూ ఆకుపచ్చా కలిపి గిరగిరా తిరిగేవి కావాలట. మనవరాలు ఇద్దరికీ ఒకే ప్రశ్న వేసింది: “వెనకవాడికి ఏం చెబుదామని?” వాళ్ళ దగ్గర జవాబు లేదు. తన బండి బాగుందని చెప్పడానికి వేసే దీపం వేరు, తాను ఎటు వెడుతున్నాడో చెప్పడానికి వేసే దీపం వేరు. మొదటిది ఎంత మెరిస్తే రెండోది అంత మసకబారుతుంది.

పాఠకుల్లో పాత బండి వున్నవారెవరైనా వుంటే ఒక్క సలహా. మీ దీపం వెలుగుతోందా అని కారులో కూర్చుని చూసుకోకండి. ఇంకొకర్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, సాయంత్రం ఎండలో ఒకసారి, తెల్లవారి మంచులో ఒకసారి, నూరడుగులు వెనక్కు నడిచి చూడండి. అక్కణ్ణుంచి మీకు దిక్కు తెలిస్తే చాలు, ఏ కొత్త దీపమూ అక్కర్లేదు. తెలియకపోతే, ఆ నూరడుగుల దూరాన రోజూ పాలక్యానులతో ఎవరో ఒకరి బిడ్డ వస్తూనే వుంటాడు.